కార్డు కొనే ముందు క్యాబినెట్ తెరవండి

బహదూర్‌పల్లిలో మహీంద్రా యూనివర్సిటీ ఉంది, టెక్ మహీంద్రా క్యాంపస్ ఉంది. పీసీ గేమింగ్ మోజున్న కుర్రాళ్లకు ఇక్కడ కొదవ లేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డు కావాలంటే సుచిత్ర, బోయిన్‌పల్లి దాటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అందరూ పిలిచే సీటీసీకి, వెళ్లడం పాత అలవాటు. కౌంటర్ దగ్గర మొదట అడిగేది ‘బడ్జెట్ ఎంత?’ అనే. ఆ జవాబు కంటే ముందు నాలుగు అంకెలు మీ చేతిలో ఉండాలి: మానిటర్ పిక్సెళ్లు, ఎస్‌ఎంపీఎస్ వాట్లు, మదర్‌బోర్డు స్లాట్ వేగం, కార్డు మెమరీ.

మానిటర్ ఎంత అడుగుతోంది?

1920×1080 తెరలో 20,73,600 పిక్సెళ్లు ఉంటాయి. 2560×1440 తెరలో 36,86,400, అంటే కార్డు మీద 78 శాతం అదనపు భారం. 4కె తెర అయితే 1080 తెరకు సరిగ్గా నాలుగు రెట్లు. బడ్జెట్ కార్డుకు 1080 తెరే తగిన జోడీ. సెకనుకు 60 ఫ్రేములు రావాలంటే కార్డు ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీ సెకన్లలో గీయాలి. 144 ఫ్రేములకైతే 6.9 మిల్లీ సెకన్లే. మీది 60 హెర్ట్జ్ మానిటరైతే సెకనుకు 60కి మించి ఫ్రేములు అది చూపలేదు.

ఆడే ఆటను బట్టి కూడా లెక్క మారుతుంది. ‘వలొరాంట్’లో 144 ఫ్రేములకు తయారీదారులు సూచించింది 2016 నాటి జీటీఎక్స్ 1050 టీఐ. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్ అండ్ ది గ్రేట్ సర్కిల్’కు కనీస అర్హతే 8 జీబీ ఆర్‌టీఎక్స్ 2060 సూపర్. మొదటి ఆట ఒక్కటే ఆడేవారికి అసలు కొత్త కార్డు అవసరమా అన్నది ఆలోచించాల్సిన మాట.

ఎస్‌ఎంపీఎస్ ఎంత ఇవ్వగలదు?

మదర్‌బోర్డు స్లాట్ ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్ కేబుల్ మరో 75, 8 పిన్ కేబుల్ 150 వాట్లు ఇస్తాయి. ఆఫీసులు వాడి అమ్మేసిన డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఈ కేబుళ్లే ఉండవు. వాటికి దారి 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ. ఇక్కడే జాగ్రత్త పడాలి. 2022లో వచ్చిన 3050 8 జీబీ కార్డులో 2,560 కోర్లు, 128 బిట్ మెమరీ దారి, 130 వాట్ల వాడకం. 2024 నాటి 6 జీబీ కార్డులో 2,304 కోర్లు, 96 బిట్ దారి. పేరు ఒకటే, సరుకు వేరు.

మిగతావాటిలో ఆర్‌టీఎక్స్ 4060కి 115 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600కి 132, ఆర్‌టీఎక్స్ 3060కి 170, ఇంటెల్ ఆర్క్ బీ580కి 190. కరెంటు బిల్లు చూసి భయపడక్కర్లేదు. 115, 170 వాట్ల కార్డుల మధ్య తేడా రోజుకు 3 గంటల ఆటతో నెలకు 5 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 40 రూపాయలు. అసలు ఖర్చు ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సి వస్తేనే.

స్లాట్, మెమరీ

పీసీఐఈ 3.0లో ఒక్కో లేన్ సెకనుకు సుమారు 1 జీబీ మోస్తుంది, 4.0లో 2 జీబీ. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి 4 లేన్లే. 3.0 స్లాట్ ఉన్న పాత బోర్డులో పెడితే సెకనుకు 4 జీబీ వేగమే మిగులుతుంది, దాని మెమరీ కూడా 4 జీబీనే. ధర చూసి టెంప్ట్ కావద్దు. బీ580కి 12 జీబీ మెమరీ, సెకనుకు 456 జీబీ బ్యాండ్‌విడ్త్ ఉన్నాయి. కానీ బయోస్‌లో ‘రీసైజబుల్ బార్’ అనే సెట్టింగ్ లేని పాత బోర్డులో అది బాగా నీరసపడుతుంది. మెమరీ బ్యాండ్‌విడ్త్ 6600కి 224 జీబీ, 4060కి 272, 3060 12 జీబీకి 360.

ఫ్రేముకు ఎంత పడుతోంది?

ధరను మీ ఆటలో వచ్చే సగటు ఫ్రేములతో భాగించండి. 20,000 రూపాయల కార్డు 60 ఫ్రేములిస్తే ఫ్రేముకు 333. 28,000 కార్డు 80 ఇస్తే 350. దాని కోసం 4,000 పెట్టి ఎస్‌ఎంపీఎస్ కూడా మార్చాల్సి వస్తే 400.

బిల్లు లేకుండా తగ్గించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు. 25,000 సరుకు మీద 18 శాతం జీఎస్టీ 4,500 మిగలొచ్చు గానీ, వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. సెకండ్ హ్యాండ్ కొనేవారు ఇంకో తేదీ గుర్తుంచుకోవాలి. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్ ఆగిపోయాక, పగలూ రాత్రీ నడిచిన కార్డులెన్నో సంతకొచ్చాయి. అరగంట ఆట నడిపించి, వేడి, ఫ్యాన్ చప్పుడు గమనించి, సీరియల్ నంబరు బిల్లుతో సరిపోల్చాకే డబ్బు చెల్లించండి.

మొత్తమ్మీద మా సలహా ఇది. కేబుల్ లేని పాత ఆఫీసు పీసీకి 3050 6 జీబీ. పాత ప్రాసెసర్, మంచి ఎస్‌ఎంపీఎస్ ఉంటే 6600, లేదా నమ్మకమైన చోట దొరికితే 3060 12 జీబీ. కొత్త బోర్డు ఉన్నవారికి 4060, బీ580లలో ఆ రోజు ఫ్రేముకు తక్కువ పడేది. బయల్దేరే ముందు క్యాబినెట్ తెరిచి ఎస్‌ఎంపీఎస్ లేబుల్, ఖాళీ కేబుళ్లు, కార్డు పట్టే పొడవు ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి.