ఇంట్లో నెట్టు కొట్టం దాకా

మన అనంతపురం పల్లెల్లో ఇల్లు ఒక తావున ఉంటుంది. కొట్టం ఇంకొక తావున ఉంటుంది. ఒకప్పుడు కొట్టంలో ఎద్దులు, ఆవులు, శెనక్కాయ మూటలు ఉండేవి. ఇప్పుడు కొన్ని కొట్టాల్లో కుట్టుమిషను ఉంది. ధర్మవరం వైపు మగ్గం ఉంటుంది. పొదుపు సంఘం అక్కలు కూర్చుని లెక్కలు రాసుకునేదీ ఒక్కోసారి అలాంటి గదిలోనే.

మనది వాన తక్కువ సీమ. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. అదీ వేళకు కురవదు. పంట పోయిన ఏడు చేతిపనే ఇల్లు నడుపుతుంది. ఆ చేతిపనికి ఇప్పుడు నెట్టు కావాలి. రవిక డిజైను ఫోనులో వస్తుంది. నేసిన చీర ఫొటో షావుకారికి ఫోనులోనే పోతుంది. కూలి డబ్బు ఫోనులోనే పడుతుంది.

కానీ ఇంట్లో ఉన్న నెట్టు కొట్టంలో రాదు. ఫోను పట్టుకుని వాకిట్లోకి పరుగెత్తాలి. అంతసేపూ మిషను ఆగుతుంది. "కొట్టానికి ఇంకో కనెక్షన్ తీసుకోండి" అని కొందరు చెబుతారు. అంటే నెలనెలా రెండు బిల్లులు. చాలా ఇళ్లకు అది అవసరం లేదు. ఉన్న కనెక్షన్నే కొట్టం దాకా తీసుకుపోవచ్చు. ఎలాగో చూద్దాం.

నెట్టు ఇంటికి ఎలా వస్తుంది?

మన రాష్ట్రంలో 2015లో ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడింది. నేల తవ్వి కేబుల్ వేస్తే ఖర్చు ఎక్కువ. అందుకని కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ లాగారు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఈ పథకాన్ని ప్రారంభించారు. మొదట్లో నెలకు 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు ఇస్తామన్నారు. తర్వాత ధరలు మారాయి. ఇతర కంపెనీల కేబుళ్లు కూడా పల్లెలకు వచ్చాయి.

ఈ కేబుల్ లోపల గాజు పోగు ఉంటుంది. అది వెంట్రుక అంత సన్నం. దాంట్లో పోయేది కరెంటు కాదు, వెలుతురు. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ గాజు పోగుల కట్ట గుండా బొమ్మను పంపవచ్చని చూపించారు. ఆ సంగతి 1954లో ఇంగ్లండు పత్రికలో అచ్చయింది. ఆయన ఆనాడు చేసిన పని ఈనాడు మన ఇంటిదాకా వచ్చింది.

ఇంట్లో ఒక డబ్బా బిగిస్తారు. గాజు పోగులో వచ్చిన వెలుతురును ఆ డబ్బా రేడియో అలలుగా మారుస్తుంది. ఈ అలలనే వైఫై అంటాం. అవి కంటికి కనిపించవు. ఫోను వాటిని అందుకుంటుంది.

కొట్టంలోకి ఎందుకు రాదు?

అలలకు రెండు అడ్డంకులు. ఒకటి దూరం. రెండు గోడ. మన ఊళ్లలో పాత ఇళ్లకు బండరాళ్ల గోడలు. మందం ఎక్కువ. వాటిని దాటేసరికి అల నీరసపడుతుంది. కొట్టానికేమో రేకులు. ఇనుప రేకు అలను లోపలికి రానివ్వదు, వెనక్కి కొడుతుంది. చుట్టూ రేకులు కప్పి తలుపు మూసిన కొట్టం మూత బిగించిన టిఫిన్ క్యారియర్ లాంటిది. అందుకే తలుపు తీస్తే కొంచెం వస్తుంది, మూస్తే పోతుంది.

ముందు కొలవండి

ఏమీ కొనకముందే దూరం కొలవండి. టేపు లేకపోతే చీర ఉంది కదా! మామూలు చీర ఐదున్నర మీటర్ల పొడవు. డబ్బా దగ్గర నుంచి కొట్టం దాకా ఎన్ని చీరలు పడతాయో లెక్కపెట్టండి. పది చీరలైతే 55 మీటర్లు. పద్దెనిమిది చీరలైతే 99 మీటర్లు. ఈ పద్దెనిమిది అనే లెక్క గుర్తుంచుకోండి. ముందుముందు పనికొస్తుంది.

కొలిచేటప్పుడు తీగ పోయే దారినే కొలవాలి. గోడ ఎక్కి దిగే కొలత కూడా కలపాలి.

ఖర్చు లేని పని మొదట

డబ్బా టీవీ వెనకో, బీరువా పక్కనో ఉందా? అక్కడ నుంచి మార్పించండి. కొట్టం వైపు ఉన్న కిటికీ దగ్గర, ఎత్తు మీద పెట్టించండి. ఈ పని కేబుల్ అబ్బాయి చేత చేయించాలి. గాజు పోగును మడిస్తే విరుగుతుంది. విరిగితే డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతుంది, నెట్టు ఆగిపోతుంది.

కొన్ని డబ్బాలకు ఫోనులో రెండు పేర్లు కనబడతాయి. ఒక పేరు చివర 5జీ అని ఉంటుంది. అది వేగంగా పోతుంది కానీ గోడలు దాటలేదు. రెండోది నిదానం, కానీ దూరం పోతుంది. కొట్టంలో రెండోదాన్ని పెట్టి చూడండి. ఇల్లు, కొట్టం దగ్గర దగ్గరగా ఉంటే ఇంతటితోనే పని జరగవచ్చు.

అంగట్లో రిపీటర్ అనే చిన్న డబ్బా అమ్ముతారు. అది వచ్చిన అలను అందుకుని మళ్లీ వదులుతుంది. అసలే అల రాని కొట్టంలో పెడితే అది దేన్ని అందుకుంటుంది? నెట్టు బాగా వచ్చే చోటుకూ కొట్టానికీ నడుమ పెట్టాలి. దీనితో వేగం తగ్గుతుంది. రేకుల కొట్టానికి ఇది అంతగా పనికిరాదు.

పద్దెనిమిది చీరల లోపలైతే తీగ

అన్నిటికన్నా నమ్మకమైనది తీగ. దీన్ని లాన్ వైరు అంటారు. లోపల ఎనిమిది సన్న తీగలు జంట జంటగా జడలా మెలిపెట్టి ఉంటాయి. ఈ తీగ 100 మీటర్ల దాకా బాగా పనిచేస్తుంది. అంటే మన పద్దెనిమిది చీరల దూరం.

ఇంట్లో డబ్బాకు ఒక కొస, కొట్టంలో పెట్టే రెండో డబ్బాకు ఇంకో కొస. రెండో డబ్బా కొట్టం లోపలే వైఫై ఇస్తుంది. ఇక రేకులు అడ్డం కావు, అల లోపలే పుడుతుంది కాబట్టి.

తీగ కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. ఒకటి, బయట వేసే తీగ అని అడిగి తీసుకోండి. మన ఎండకు ఇంట్లో వేసే తీగ తొడుగు పగిలిపోతుంది. రెండు, లోపలి తీగ అచ్చమైన రాగిదేనా? కత్తితో కొంచెం గీకండి. లోపల తెల్లగా కనబడితే అది అల్యూమినియం, పైన రాగి పూత. అది తీసుకోవద్దు. మూడు, పైపు. ఎలుకలు కొరక్కుండా, ఎద్దుల బండి తొక్కకుండా పైపులో పెట్టి పూడ్పించండి. కరెంటు వైరు ఉన్న పైపులోనే ఈ తీగను దూర్చవద్దు.

అంతకంటే దూరమైతే

కొట్టం తోట దగ్గర ఉందనుకోండి. అప్పుడు రెండు దారులు. ఒకటి, ఇంటి నుంచి కొట్టానికి కూడా గాజు పోగు కేబులే వేయించడం. దానికి రెండు కొసల్లోనూ చిన్న పరికరాలు కావాలి. రెండోది, ఇంటి మిద్దె మీద ఒకటి, కొట్టం మీద ఒకటి, ఎదురెదురుగా రెండు పరికరాలు బిగించడం. అవి గాలిలోనే మాట్లాడుకుంటాయి. కానీ ఒకదానికొకటి కనిపించాలి. నడుమ వేపచెట్టు ఉంటే కుదరదు. ఆకుల్లోని నీరు అలను మింగేస్తుంది.

పిడుగు జాగ్రత్త

ఇది అన్నిటికన్నా ముఖ్యం. లాన్ వైరు లోపల ఉన్నది లోహం. దగ్గర్లో పిడుగు పడితే ఆ తీగ వెంట కరెంటు ఇంట్లోకీ, కొట్టంలోకీ రావచ్చు. మబ్బు పట్టగానే, ఇంకా ఉరుములు దూరంగా ఉన్నప్పుడే రెండు కొసలూ ఊడదీయండి. ఉరుములు దగ్గరైతే తీగను ముట్టుకోవద్దు. గాజు పోగులో కరెంటు పారదు. ఆ భయం లేనిది అదే. అయితే బలం కోసం దాని పక్కన ఇనుప తీగ కలిపి అమ్ముతారు. ఇనుప తీగ లేనిది అడగండి.

కరెంటు స్తంభం ఎక్కవద్దు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే కరెంటు వైరుకు నెట్టు తీగ కట్టవద్దు. నెట్టు మిగిలితే చాలదు, ప్రాణం మిగలాలి.

ఇంకో మాట. కరెంటు పోతే రెండు డబ్బాలూ ఆగిపోతాయి. వాటికి సరిపోయే చిన్న బ్యాటరీలు దొరుకుతాయి. రెండు తావులా పెట్టుకుంటేనే నెట్టు ఆగదు.

తాళం మీ చేతిలో

వైఫైకి పాస్‌వర్డ్ ఉంటుంది. అది ఇంటి తాళంచెవి లాంటిది. కనెక్షన్ ఎవరి పేరున ఉంటే ఆ నెట్టుకు జవాబు చెప్పవలసింది వాళ్లే. ఆ మాట మీరు కూడా నేర్చుకోండి, మీ చేత్తో రాసి దాచుకోండి. కొట్టంలో పనిచేసేది మీరు. తాళంచెవి మీకు తెలియకపోతే ఎలా?

చేసి చూడండి

1. మీ ఇంటి నుంచి కొట్టం దాకా ఎన్ని చీరల దూరం? దాన్ని ఐదున్నరతో గుణించి మీటర్లలో రాయండి.

2. కొట్టం తలుపు తీసి ఒకసారి, మూసి ఒకసారి ఫోనులో వైఫై గీతలు లెక్కపెట్టండి. తేడా ఎంత?

3. మీ కొట్టానికి ఏ దారి సరిపోతుంది? దూరం, ఖర్చు, పిడుగు, మూడూ చూసి సంఘం సమావేశంలో మాట్లాడుకోండి. ఆ తర్వాతే అంగడికి పోండి. కొలత చేతిలో ఉన్న మనిషికి అక్కరలేని సరుకు అంటగట్టడం కష్టం.