రెట్టింపు వలయాలు

1955లో జ్యూరిక్ నగరంలోని టోన్‌హాలె కచేరీశాల కోసం యోజెఫ్ మ్యూలర్-బ్రాక్‌మన్ రూపొందించిన బీథోవెన్ పోస్టరులో బీథోవెన్ ముఖం లేదు, ఒక్క వాయిద్యం కూడా లేదు. ఒకే కేంద్రం చుట్టూ విరిసిన మందపాటి వలయాల ముక్కలు, వాటి నడుమ తెల్లని చోట చిన్న అక్షరాలు, అంతే. 1914లో రాపర్స్‌విల్‌లో పుట్టిన ఈయన అంతకు ముందు బొమ్మలు వేసి పేరు తెచ్చుకున్నవాడే కాబట్టి, చేతకాక మానేశాడనడానికి లేదు. ఇది సంగీతం కాదు, జామెట్రీ అన్న విమర్శ మాత్రం ఈ పోస్టరుకు తప్పదు. జామెట్రీ నిజమే. అయితే అది మన కళ్లూ చెవులూ పనిచేసే తీరు మీదే నిలబడిందని నా వాదన.

వలయాల వెడల్పు కొలిచి చూస్తే, లోపలి నుంచి బయటికి ప్రతిదీ ముందుదానికి రెట్టింపు: 1, 2, 4, 8, 16, 32. చీకటి గదిలో ఒక దీపం పక్కన రెండోది పెడితే తేడా ఇట్టే తెలుస్తుంది. నూరు దీపాల మధ్య మరొకటి వెలిగిస్తే ఎవరికీ పట్టదు. ఎంత పెరిగిందన్నదాని కంటే ఎన్నో వంతు పెరిగిందన్నదే ఇంద్రియాలకు ముఖ్యమని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త వెబర్ బరువులతో ప్రయోగాలు చేసి గుర్తించాడు. ఈ వలయాలే 1, 2, 3, 4, 5, 6గా పెరిగి ఉంటే చివరి రెండూ దాదాపు ఒకేలా కనబడి ఊపు చచ్చిపోయేది. రెట్టింపు కావడం వల్ల ప్రతి అడుగూ సమానంగా తోస్తుంది. చెవి లెక్కా ఇదే. మంద్ర షడ్జం 220 హెర్ట్జ్ అయితే మధ్య షడ్జం 440, తార షడ్జం 880. అంకెల్లో దూరం పెరిగినా మనకు వినిపించేది ఒకే ఎడం.

పోస్టరు చూసేవాడు స్కేలు పట్టుకుని కొలుస్తాడా అని అడగవచ్చు. కచేరీ వినేవాడు మాత్రం పౌనఃపున్యాలు లెక్కపెడుతున్నాడా? ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది: సూత్రం తెలిస్తే చాలు, ఎవరైనా ఇలాంటిది గీయగలరు కదా అని. గీయలేరు. కేంద్రం ఎక్కడ పెట్టాలో, ఏ ముక్క ఉంచి ఏది తీసేయాలో రెట్టింపు లెక్క చెప్పదు. గ్రిడ్, అంటే పేజీని గళ్లుగా విభజించే కొలతల చట్రం, సాయపడుతుందే గాని మంచి పనికి హామీ ఇవ్వదని 1981లో వచ్చిన తన పుస్తకంలో మ్యూలర్-బ్రాక్‌మనే రాశాడు. పైగా వలయాలు లేని చోటా ఆయన నిష్పత్తినే నమ్ముకున్నాడు. స్విస్ ఆటోమొబైల్ క్లబ్బు కోసం 1953లో చేసిన పోస్టరు చూడండి. పిల్లల్ని కాపాడమని చెప్పే ఆ ఫొటోలో మోటారు సైకిలు మీదికి దూసుకొస్తున్నంత పెద్దది, దాని ముందు పరుగెత్తే పిల్లవాడు మరీ చిన్న. దగ్గరున్నది కంటి రెటీనా మీద ఎక్కువ చోటు ఆక్రమిస్తుందన్న మామూలు దృష్టిశాస్త్రమే అక్కడ భయమైంది. అక్షరాలు చదివేలోపే ఆ పిల్లవాడికి ఏమవుతుందోనని గుండె ఝల్లుమంటుంది.