బేతాళుడును జాంబీయును

శవము కదలుట, మాటాడుట తెలుగు పాఠకునకు క్రొత్త గాదు. గుణాఢ్యుని బృహత్కథా సంప్రదాయమునకు చెందిన బేతాళకథలు 11వ శతాబ్దిలో సోమదేవుని కథాసరిత్సాగరమున చేరినవి. 1947లో వెలువడ నారంభించిన చందమామ ఆ చట్రమున క్రొత్త కథలను సైతము అల్లి బాలుర కందించినది. అట్లని జాంబీని బేతాళుని వంశమున చేర్చుట పొరపాటని మా యభిప్రాయము. బేతాళుడు శవము నావహించిన చతురుడు, ప్రశ్న లడుగును. జాంబీ మనసు పోయిన దేహము; దానికి ప్రశ్న లేదు. ఆ భావన హైటీ తోటలలోని బానిసల బ్రదుకునుండి పుట్టినది: చచ్చియు వెట్టి తప్పని దుఃస్థితి. నరమాంసభక్షణము 1968 నాటి జార్జి రొమేరో చలనచిత్రముతో స్థిరపడినది.

జోనాథన్ మాబెర్రీ వ్రాసిన 'రాట్ అండ్ రూయిన్' (2010) నవలను చూడుడు. బెన్నీ పదునైదేండ్లవాడు, పని కుదుర్చుకొననిచో వాని యాహారపు వంతు సగమగును. తల్లిని విడిచి పారిపోయిన పిరికివాడని అన్నను ద్వేషించును. అన్న వెంట కంచె దాటిన పిదప గాని, జాంబీలును ఒకనాటి మనుష్యులే యనియు, తాను నమ్మినది నిజము కాదనియు వానికి తెలియదు. కౌమారమునకు ఆకర్షణ ఇచ్చటనే కలదు, భయమున గాదు. (పాఠశాలలు మూతపడుటయు కొంత కారణము కావచ్చును!) పెద్దల మాటను స్వయముగ పరీక్షించు అధికారము లోకము కూలినపుడే బాలునకు దక్కుచున్నది.

తెలుగున ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి' (2021) చిత్రము రాయలసీమ కక్షలను ఈ కథతో ముడివెట్టినది, అది హాస్యప్రధానము. గంభీరమైన నవలకును ఇచ్చట భూమి కలదు. కర్దనూరు, పటాన్‌చెరు ప్రాంతపు బాలునకు పాడైన లోకము కేవలము కల్పన గాదు. కర్మాగారముల వ్యర్థజలములు కలసిన నక్కవాగు చేరువనే యున్నది. ఆ వాగు తేటగా పారిన దినములను ఎరిగిన తాత అతని యింటనే యుండవచ్చును. అతడు తాత నేమడుగునో చెప్పు నవల కొరకు మేము ఎదురుచూచుచున్నాము.