పాలకూరకు పేరు, కార్జానికి పని

మన నూజెండ్లలో ఏ ఇంట్లోనైనా పాలకూర పప్పు పొయ్యి మీదికెక్కితే చాలు, "టమాటా వెయ్యబోకే, కిడ్నీలో రాళ్లు పడతయ్యి" అనే పెద్దమ్మ ఒకామె ఉంటుంది. చైనాలోనూ అవ్వలకు ఇదే భయం అమ్మడూ. కాకపోతే వాళ్ల అనుమానం టమాటా మీద కాదు, సోయా పాలు విరగ్గొట్టి చేసే టోఫూ మీద. పాపం, ఈ రెండిట్లో దేని తప్పూ లేదు.

దొంగ పాలకూరలోనే ఉన్నాడు. పేరు ఆగ్జాలిక్ ఆమ్లం. పాలకూర తిన్నాక పళ్ల మీద నాలుక తిప్పితే గరుగ్గా తగులుతుందే, అది వాడి పనే. పేగుల్లో కాల్షియం ఎదురైతే దాన్ని పట్టుకుని, కరగని ఉప్పుగా మారి మలంలో పోతాడు. ఎదురవకపోతేనే రక్తంలో కలిసి, కిడ్నీదాకా వెళ్లి, అక్కడి కాల్షియంతో జతకట్టి రాయి అవుతాడు. అంటే కాల్షియం ఉన్న టోఫూ అయినా, మన గేదె పెరుగైనా, పక్కన ఉండటమే మేలు. టమాటాలో ఆగ్జాలిక్ ఆమ్లం పాలకూరతో పోలిస్తే లెక్కలోకి రాదు. పైగా దాని సి విటమిన్ ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికి సాయం చేస్తుంది.

అసలు కబురు కాంటనీస్ వాళ్ల సూపుది. గ్వాంగ్‌జౌ, హాంకాంగ్ ఇళ్లలో సూపంటే సగం తిండి, సగం మందు. వేడి చేసేవి, చలువ చేసేవి అని మనలాగే వాళ్లకూ పట్టింపు. పాలకూర చలువ, అందుకని అల్లం పడాల్సిందే. మనిషి పాలిపోయి నీరసంగా ఉంటే పాలకూర, పంది కార్జం వేసి సూపు కాస్తారు, నెత్తురు పడుతుందని. ఆకును ముందు మరిగే నీళ్లలో కాసేపు ముంచి తీసి, ఆ నీళ్లు పారబోస్తారు. అల్లం వేసిన నీళ్లు తెర్లాక పల్చగా కోసిన కార్జం, దించే ముందు ఆకు. పారబోసిన ఆ పచ్చటి నీళ్లలోనే మన దొంగ చాలావరకు పోతాడు. కొంత సి విటమిన్ కూడా పోతుందనుకో.

మరి నెత్తురు పట్టించేది ఎవరు? పాలకూర 100 గ్రాముల్లో ఇనుము సుమారు 3 మిల్లీగ్రాములు, అందులో ఒంటికి అందేది చిటికెడు. పంది కార్జంలో దాదాపు 20. దాంట్లో కొంత హీమ్ రూపంలో ఉండి సులువుగా వంటపడుతుంది. మాంసం తోడుంటే ఆకులోని ఇనుమూ కాస్త ఎక్కువ అందుతుంది. మనవాళ్లు మేక కార్జం వేపుడు పెట్టేదీ అందుకే.

అన్నట్టు, చైనాకు పాలకూర పరాయిదే. 647లో నేపాల్ రాజు టాంగ్ చక్రవర్తికి కానుకగా పంపాడని వాళ్ల చరిత్రల్లో ఉంది. మన మళ్లలో వేసే 'ఆల్ గ్రీన్', 'పూసా జ్యోతి' రకాలైతే ఆ పాలకూర కూడా కాదు, బీట్‌రూట్ జాతి ఆకు. ఆగ్జాలిక్ ఆమ్లం మాత్రం దీంట్లోనూ దండిగానే ఉంటుంది.

మనం పప్పులో ఆకు నీళ్లు వార్చం కదా. ఒకసారి రాయి పడ్డవాళ్లుంటే ఆకు విడిగా ఉడకేసి, నీళ్లు వార్చి, అప్పుడు పప్పులో కలుపు. టమాటా వేసుకో, చివర పెరుగన్నం తిను. కడుపుతో ఉన్నవాళ్లకు మాత్రం నెత్తురు పేరు చెప్పి కార్జం పెట్టొద్దు, దాంట్లో ఎ విటమిన్ మరీ ఎక్కువ. గుండెజబ్బుకు వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఆకుకూర ఒకరోజు తట్టెడు, మర్నాడు బొత్తిగా మానేయడం కాకుండా రోజూ ఒకే తీరున తినాలి. ఆకులోని కె విటమిన్ ఆ మందుకు అడ్డం పడుతుంది.