నాలుగు వాలుల యింటిలో అటక



పిల్లలు పెద్దవారగుదురు, ఇల్లు పెద్దది కాదు. కూతురు పదవ తరగతికి వచ్చినది, చదువుకొనుట కొక మూల కావలెను. కొడుకు పెండ్లి నిశ్చయమైనది, ఒక గది కావలెను. పాత పెంకుటిల్లు పడగొట్టి సిమెంటు మిద్దె వేయుదమని మగవారు లెక్కలు వేయుచుందురు. అట్టి తరుణమున ఇల్లాలి చూపు తలపైనున్న అటకమీద పడుట సహజము. మా సంగములో నాలుగు వాలుల పెంకుటిండ్లు గల సోదరీమణులు కొందఱు, అటకను గదిగా మార్చవచ్చునా యని మమ్మడిగియున్నారు. వారికొఱకును, పెన్నయొడ్డున నట్టి యిండ్లలో కాపురముండు తక్కిన వారికొఱకును దీనిని వ్రాయుచున్నాము.

ఇంటి పైభాగము మన పెద్దలకు క్రొత్త కాదు. కప్పును మోయు వంపుకఱ్ఱకు అమరకోశమున గోపానసి యని పేరున్నది. ప్రబంధనాయిక చంద్రశాలపై గూర్చుండి వెన్నెలను దూషించుచుండును. మన యిండ్లలో ఆ యెత్తున గూర్చుండునవి చింతపండు కుండలు, విఱిగిన ఉయ్యాలబల్ల, అత్తగారి పెండ్లినాటి యిత్తడి గంగాళము. వెన్నెల వానికి కనబడదు.

మొదట కప్పు స్వరూపము తెలిసికొనవలెను. రెండు వాలుల యింట ఇరుప్రక్కల ముక్కోణపు గోడలు కొప్పువఱకు లేచును. నాలుగు వాలుల యింట ఆ గోడలుండవు. నాలుగు దిక్కులనుండియు కప్పు లోనికి వంగి వచ్చును, నాలుగు మూలవాసములు నడికొప్పును చేరును. కావున ఎత్తు నడుమనే యుండును, నాలుగు ప్రక్కలకును పోవుకొలది తగ్గిపోవును.

ఎంత తగ్గునో లెక్క వేసి చూతము. ఇంటి పొడవు 30 అడుగులు, వెడల్పు 24 అడుగులు, కప్పువాలు 30 డిగ్రీలు అనుకొందము. నడికొప్పు గోడతలపైనుండి సుమారు 7 అడుగుల యెత్తున నుండును. దాని పొడవు 6 అడుగులే. ఆరడుగుల మనిషి తల వంపక నిలువదగిన చోటు 30 చదరపుటడుగులు మాత్రమే. అయిదడుగుల యెత్తు గల చోటు సుమారు 85 చదరపుటడుగులు. క్రింది యిల్లు 720 చదరపుటడుగులు కాగా ఇది అందులో ఎనిమిదవ పాలైనను కాదు. అదే కొలతల రెండు వాలుల యింట ఆ యెత్తు గల చోటు 200 చదరపుటడుగులు వచ్చును. మా వారు బడిలో క్షేత్రగణితము చెప్పువారు గనుక ఈ లెక్కను వారిచేత సరిచూపించితిమి.

ఈ లెక్క చూచినంతనే మేస్త్రి యొక సలహా చెప్పును: చివరి రెండు వాలులు తీసివేసి, గోడలను ముక్కోణముగా పైకి లేపిన చోటు పెరుగునని. ఆ మాట అబద్ధము కాదు. ఇంగ్లండులో రెండు మహాయుద్ధముల నడుమ కట్టిన జంటయిండ్లకు నేడు తఱచుగా చేయుచున్న మార్పు ఇదియే. నియమములకు లోబడినచో అట్టి యిండ్లలో 50 ఘనపు మీటర్ల వఱకు పైకప్పు పెంచుకొనుటకు అచ్చట వేఱుగా ప్లానింగు అనుమతి యడుగ నక్కఱలేదు. కాని ఇంగ్లండు గాలి వేఱు, మన గాలి వేఱు. నెల్లూరు తీరము 1927 నవంబరు తుపానును, 1989 నవంబరులో కావలి దగ్గఱ తీరము దాటిన తుపానును చూచినది. నెల్లూరులో కట్టడములకు సెకనుకు 50 మీటర్ల, అనగా గంటకు 180 కిలోమీటర్ల గాలివేగమును లెక్కలోనికి తీసికొనవలెనని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. తుపాను నడిబొడ్డు దాటునప్పుడు గాలి దిక్కు మార్చుకొని రెండవ ప్రక్కనుండి కొట్టును. నాలుగు వాలుల కప్పు ఏ దిక్కు గాలినైనను తనమీదుగా జాఱవిడుచును, ముక్కోణపు గోడ దానిని ఱొమ్మున పట్టుకొనును. విశాఖ, శ్రీకాకుళ తీరములందలి చుట్టిండ్లు గుండ్రముగా నుండుటకును గాలితో సంబంధమున్నది. కావున చోటుకొఱకు ఆ రెండు వాలులను అమ్ముకొనవలదని మా యభిప్రాయము.

అంతకంటె భయంకరమైనది అడ్డదూలమును కోయుట. అటకపై నడచునప్పుడు నడుమునకో మోకాలికో అడ్డుపడుచున్నదని దానిని కోయింతురు. మేమెఱిగిన యొక యింట నిట్లే జరిగినది. మొదటి యేడు ఏమియు కాలేదు. రెండవ వర్షాకాలమునకు పడమటిగోడ తలభాగమున వ్రేలు పట్టునంత పగులు కనబడెను. తరువాత ఇనుపకడ్డీలతో రెండు గోడలను బిగించి నిలిపిరి. కారణము కష్టమైనది కాదు. రెండు కాళ్ళ నిచ్చెనను విడదీసి నిలువబెట్టినప్పుడు కాళ్ళు జాఱకుండ నడుమ త్రాడు కట్టుదుము గదా! ఎదురెదురు వాసములు ఆ కాళ్ళవంటివి, అడ్డదూలము ఆ త్రాడు. మంగుళూరు పెంకు ఒక్కొక్కటి రెండున్నర కిలోల దాపు తూగును. పైన చెప్పిన యింటికి పన్నెండు వందలకు పైగా పెంకులు పట్టును, అనగా మూడు టన్నుల బరువు. త్రాడు తెగినచో ఆ బరువంతయు గోడలను వెలుపలికి త్రోయును. దూలము అడ్డమైనచో దానిని దాటుటకు ఇరువైపుల చిన్న మెట్టు పెట్టుకొనుడు. కోయవలదు.

అయిన అటక వ్యర్థమా? కాదు. ఇంతవఱకు వేసిన లెక్క నిలుచువారి లెక్క. మనము చాపపై గూర్చుండువారము. చాపపై గూర్చుండి చదువుటకును, కుట్టుపనికిని మూడున్నర అడుగుల యెత్తు చాలును. అదే యింట అంత యెత్తు గల చోటు సుమారు 210 చదరపుటడుగులు! పలకల మందమునకు, వాసములకు కొంత త్రోసివేసినను, బల్లలు కుర్చీలు మాని చాప, వ్రాతపీట పెట్టుకొన్నచో ఒక బాలికకు చదువుకొను చోటు నిశ్చయముగా దొరకును. వచ్చిపోవువారి మాటలు వినబడని చోటు పదవ తరగతి పిల్లకు ఎంత యవసరమో తల్లులకు వేఱుగా చెప్పనేల?

దీనికి కావలసినవి గట్టి నేల, గాలి, వెలుతురు, మెట్లు. అటక పలకలు దుత్తలు మోయుటకు వేసినవి, మనుష్యులు నడచుటకు కాదు. నివాసపు గదికి చదరపు మీటరునకు 200 కిలోల బరువు లెక్క కట్టుట ఆచారము. కావున క్రొత్త దంతెలు గోడలపైననే ఆని యుండవలెను, కప్పుదూలములకు తగిలింపరాదు. వెలుతురునకు అద్దపు పెంకులు నాలుగు చాలును. గాలికి మలబారువారి పద్ధతి మాకు నచ్చినది. వారు చివరివాలును కొప్పువఱకు పోనీయక కొంచెము క్రింద నాపి, మిగిలిన చిన్న ముక్కోణమున చెక్కజాలి బిగింతురు. వేడిగాలి అచ్చటినుండి వెడలిపోవును, గాలివానను ఎదుర్కొను గోడయు పెద్దది కాదు. ఐనను మన నెల్లూరు రోహిణీకార్తెలో మధ్యాహ్నవేళ పెంకు క్రింద నెవ్వరును గూర్చుండలేరు. ఆ దినములలో ఉదయము, రాత్రి మాత్రమే పైకి పంపవలెను.

దీనిని పడకగదియని కాగితముపై చూపుటకు వీలులేదు. జాతీయ నిర్మాణ నియమావళి వాలుకప్పు క్రింది నివాసపు గదికి సగటున 2.75 మీటర్ల యెత్తు కోరును, అటకను ఒకటిన్నర మీటరు ఎత్తునకు లోబడిన సామానుల చోటుగానే చెప్పును. క్రొత్త కోడలిని అక్కడ కాపురము పెట్టించు ఆలోచన మానుకొనవలెను. ఆ మధ్య ఒకరింట నట్టి ప్రయత్నమే జరుగగా విని మేము నవ్వవలెనో, ఏడ్వవలెనో తెలియక యూరకుంటిమి. ఏ మార్పుకైనను పంచాయతివారి నడిగి చేయించుట మేలు.

మెట్ల విషయమున మగవారు పిసినారితనము చూపుదురు, ఎక్కునది వారు కాదు గనుక. నిలువునిచ్చెనపై ఒక చేత జాడీ, ఒక చేత చీరకుచ్చెళ్ళు పట్టుకొని దిగిన వారికి దాని సుఖము తెలియును. వాలుమెట్లు, ప్రక్కన పట్టుకొనుటకు కడ్డీ, పైరంధ్రము చుట్టు కటకటాలు వేయించుడు. ఊరగాయ జాడీలు మాత్రము క్రిందనే యుండనిండు.

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వఱద మఱచినవారు లేరు. పట్టాలు, పిల్లల సర్టిఫికెట్లు ఇనుపపెట్టెలో పెట్టి అటకమీద దాచుట మంచిదే. మనుష్యులు మాత్రము వఱద వచ్చునని తెలిసినంతనే ఇల్లు విడిచి మెఱకకు పోవలెను. నీరు పెరిగినచో పెంకు క్రిందనుండి వెలికి దారి యుండదు.

పని సంక్రాంతి వెళ్ళిన పిదప మొదలుపెట్టి, ఎండలు ముదురకముందే ముగించుకొనవలెను. ముందుగా వడ్రంగిచేత మూలవాసముల మొదళ్ళు చెదపట్టినవేమో పొడిచి చూపించుడు. పెంకు దించిన దినములలోనే అద్దపు పెంకులును, చెక్కజాలియు పెట్టించుకొన్నచో రెండవమారు కూలి యిచ్చు పని తప్పును.