వెనక చక్రాల బ్రేకు ప్యాడ్లు ఇంట్లో మార్చడం

ముందు చక్రాల ప్యాడ్లు మార్చినవారు వెనకవీ అంతే అనుకుంటారు. తేడా హ్యాండ్ బ్రేకులో ఉంది. మన చిన్న కార్లలో చాలావాటికి వెనక డ్రమ్ములే ఉంటాయి; ఆ పని వేరు. నాలుగు చక్రాలకూ డిస్కులున్న కార్ల సంగతి ఇది.

చదునైన నేల మీద కారు నిలిపి, ముందు చక్రాలకు రెండువైపులా రాళ్లు అడ్డం పెట్టండి. చక్రం నట్లు కాస్త వదులు చేసి, అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలి జాకీ ఎత్తండి. జాకీ ఒక్కదాన్నే నమ్మవద్దు. స్టాండు పెట్టనిదే చక్రం విప్పకండి.

కాలిపర్ బోల్టులు విప్పితే ప్యాడ్లు బయటికి వస్తాయి. రాపిడి పొర 3 మిల్లీమీటర్లకు తగ్గితే మార్చవలసిందే. కాలిపర్‌ను బ్రేకు గొట్టానికి వేలాడనివ్వక తీగతో కట్టండి.

అసలు చిక్కు ఇక్కడే. కొత్త ప్యాడ్లు మందం కనుక పిస్టన్‌ను లోపలికి పంపాలి. ముందు చక్రాల దగ్గర క్లాంపుతో నొక్కితే వెళుతుంది. హ్యాండ్ బ్రేకు కేబుల్ వెనక కాలిపర్‌కే తగిలించి ఉంటే, పిస్టన్ లోపల మర ఉంటుంది. దాన్ని తిప్పుతూ పంపాలి. బలంగా నొక్కితే మర పాడై కాలిపరే కొనవలసివస్తుంది. తిప్పే పనిముట్టు విడిగా దొరుకుతుంది. పిస్టన్ ముఖం మీది గాడి, ప్యాడ్ వెనకనున్న బొడిపెకు సరిపడేలా ఆపండి. స్విచ్చితో పడే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకయితే సర్వీస్ మోడ్‌లో పెట్టాలి; చాలావాటికి స్కానర్ కావాలి. అలాంటి కారును మెకానిక్ షెడ్డుకు పంపడమే మేలని నా అభిప్రాయం.

పిస్టన్ లోపలికి పోతుంటే బ్రేకు ఆయిలు డబ్బాలో పైకి లేస్తుంది. పొర్లితే పెయింటు పోతుంది, చూసుకోండి. రెండు వెనక చక్రాలకూ ఒకేసారి మార్చాలి. అంతా బిగించాక, బండి కదిలించకముందే పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. మొదటి రెండు మూడు తొక్కులకు అది ఖాళీగా దిగిపోతుంది. అవి వీధిలో, పిల్లల్ని ఎక్కించుకున్నాక పడితే బండి ఆగదు.