ఒక్కరోజు శస్త్రచికిత్స – కంప్యూటరు సాయం ఎంతవరకు?

ఆయుర్వేదమంటే కషాయాలు, చూర్ణాలు మాత్రమేననీ, శస్త్రచికిత్సతో దానికి సంబంధం లేదనీ నేటికీ చాలామంది భావిస్తుంటారు. ఇది సరికాదు. సుశ్రుతాచార్యుడు తన సంహితలో సూత్రస్థానం 5వ అధ్యాయాన్ని శస్త్రకర్మకు కావలసిన సన్నాహాలకే కేటాయించాడు. అక్కడ చికిత్సాకర్మ మూడు విధాలుగా చెప్పబడింది. రోగిని సిద్ధపరచడం పూర్వకర్మ. శస్త్రాన్ని ప్రయోగించడం ప్రధానకర్మ. వ్రణం మాని, రోగి స్వస్థుడయ్యేవరకు చేసే పరిచర్య పశ్చాత్కర్మ. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలిన రెండూ వ్యర్థమని మా గురువుగారు తరచు హెచ్చరించేవారు.

ఈ హెచ్చరిక నేటి కాలానికి మరింతగా వర్తిస్తుంది. కంటిశుక్లం, మొలలు, భగందరం, చిన్న హెర్నియా వంటి అనేక వ్యాధులకు ఇప్పుడు ఉదయం వచ్చి శస్త్రచికిత్స చేయించుకుని సాయంత్రం ఇంటికి వెళ్లిపోయే పద్ధతి వచ్చింది. దీనిని డే కేర్ సర్జరీ అంటున్నారు. ఇందుకోసమే ప్రత్యేకించిన స్వతంత్ర కేంద్రాన్ని 1970లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో రీడ్, ఫోర్డ్ అనే ఇద్దరు మత్తువైద్యులు ప్రారంభించారు. తరువాత ఈ పద్ధతి అన్ని దేశాలకూ వ్యాపించింది. ఖర్చు తగ్గుతుంది, రోగి తన ఇంటి పథ్యం తాను తినగలుగుతాడు, ఆసుపత్రిలో అంటుకునే ఇతర వ్యాధుల భయం తగ్గుతుంది. ఇవన్నీ మేలైన విషయాలే.

అయితే ఒక చిక్కు ఉన్నది. పూర్వకర్మ ఏ పదిరోజుల ముందో, మరొక వైద్యుని ఎదుట జరుగుతుంది. పశ్చాత్కర్మ రోగి ఇంట్లో, వైద్యుని కంటికి దూరంగా జరుగుతుంది. శస్త్రం పట్టినవానికి ప్రత్యక్షంగా కనిపించేది మధ్యనున్న కొద్దిసేపు మాత్రమే. ముందు తెలిసిన సంగతి శస్త్రవైద్యునికి చేరాలి. శస్త్రవైద్యుడు చెప్పిన సంగతి ఇంటివరకూ చేరాలి. అది చేరకపోతే ఏమవుతుందో నా అనుభవమే చెబుతుంది.

నా పొరపాటు

నేను కోనసీమలో గురువుగారి ఇంట 12 సంవత్సరాలు విద్య నేర్చినవాడిని. మాది కంఠస్థ విద్య. వ్రాసుకోవడం మరచిపోయేవాని లక్షణమని అక్కడ అనుకునేవాళ్లం. ఆ గర్వం నాలో చాలాకాలం నిలిచింది. శల్యతంత్రంలో ఎం.ఎస్. పట్టం పొందిన నా శిష్యుడు భగందరానికి, మొలలకు క్షారసూత్ర చికిత్స చేసే చిన్న కేంద్రం స్థాపించాడు. రోగులను ముందుగా పరీక్షించి, ప్రకృతిని, జఠరాగ్నిని విచారించి పంపడం నా పని.

2011లో పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు భగందరంతో నావద్దకు వచ్చారు. మాటల మధ్య, గుండెకు రోజూ ఒక చిన్న మాత్ర వేసుకుంటున్నానని చెప్పారు. దానిని నా పెద్ద రిజిస్టరులో వ్రాసుకున్నాను. రెండు వారాల తరువాత శిష్యుని కేంద్రంలో ఆయనకు సూత్రం వేశారు. ఆ రోజు నేను ఊళ్లో లేను, నా రిజిస్టరు మా ఇంటి బీరువాలో ఉన్నది. కేంద్రంలోని కాగితంలో మందుల గడి ఖాళీగా ఉన్నది. మందులేమైనా వాడుతున్నారా అని అక్కడ అడిగితే, నాకు చెప్పాను గదా అన్న ధీమాతో ఆయన ప్రత్యేకంగా లేవన్నారట. అది రక్తం పలచబడే మాత్ర.

ఆ రాత్రి 40 కిలోమీటర్ల దూరంలోని వారి పల్లెలో రక్తస్రావం మొదలైంది. కుమారుడు కేంద్రానికి ఫోను చేశాడు. రాత్రివేళ ఎత్తేవారు లేరు. గుడ్డ అదిమి పట్టి, దొరికిన ఆటోలో పట్నానికి తీసుకువెళ్లి ప్రాణం నిలుపుకున్నారు. నేను చూడబోయినప్పుడు ఆయన కోపగించలేదు. “మీకు చెప్పాను గదండీ, ఆచార్యులుగారూ” అన్నారు. ఆ మాటకు నావద్ద సమాధానం లేదు. ఆయన చెప్పింది నిజం, నేను వ్రాసుకున్నదీ నిజం. అయినా ఆ సంగతి అవసరమైన చోట, అవసరమైన సమయానికి లేదు.

కంప్యూటరు కొందామని శిష్యుడు అంతకుముందు రెండుసార్లు అడిగితే నేనే కాదన్నాను. ఈసారి నేనే అడిగాను.

క్షారసూత్రానికి లెక్క ఎందుకు?

క్షారసూత్రం సుశ్రుతునికీ చక్రదత్తునికీ తెలిసిన విద్య. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.జె. దేశ్‌పాండే దీనిని పునరుద్ధరించారు. 20వ నంబరు లినెన్ దారానికి ఆకుజెముడు పాలు 11 పూతలు, జెముడు పాలతో ఉత్తరేణి క్షారం 7 పూతలు, జెముడు పాలతో పసుపు 3 పూతలు, మొత్తం 21 పూతలు పట్టిస్తారు. ఆ సూత్రాన్ని భగందర మార్గంలో నుంచి తీసి కడతారు. అది మెల్లగా మార్గాన్ని కోస్తూ, వెనుకనుంచి మాన్పుతూ వస్తుంది. వారానికొకసారి పాత సూత్రానికి ముడివేసి కొత్త సూత్రాన్ని లాగుతారు.

భారత వైద్య పరిశోధనా మండలి అనేక కేంద్రాలలో చేయించిన పరిశీలన 1991లో వెలువడింది. సాధారణ శస్త్రచికిత్స పొందినవారిలో నూటికి 11 మందికి వ్యాధి తిరగబెట్టగా, క్షారసూత్రం పొందినవారిలో నూటికి 4 మందికి మాత్రమే తిరగబెట్టింది. కాని మానడానికి శస్త్రచికిత్సలో 4 వారాలు పడితే క్షారసూత్రంలో 8 వారాలు పట్టింది. అంటే ఇందులో గుణం ఎంత ఉన్నదో, ఓపికతో వారంవారం తిరగవలసిన అవసరమూ అంత ఉన్నది. రోగి నడుమ మానివేస్తే గుణం దక్కదు.

ఇక్కడే కంప్యూటరు నిజమైన సాయం చేసింది. వారంవారం తీసిన సూత్రం పొడవును కొలిచి అందులో నమోదు చేస్తాము. సాధారణంగా వారానికి ఒక సెంటీమీటరుకు అటూఇటుగా తగ్గుతుంది. రెండు మూడు వారాలు పొడవు తగ్గకుండా నిలిచిపోతే తెర మీది గీత అడ్డంగా సాగుతుంది. సూత్రం వదులుగా కట్టారా, లోపల మరొక శాఖ ఉన్నదా అని వెంటనే ఆలోచిస్తాము. అవసరమైతే ఎం.ఆర్.ఐ. తీయిస్తాము. కాగితాల కట్టలో ఈ అంకెలు అంతకుముందూ ఉండేవి. వరుసగా ఎవరూ చూసేవారు కాదు.

రెండవది, రావలసిన రోజున రాని రోగి పేరు ఆ సాయంత్రమే జాబితాలో కనిపిస్తుంది. మూడవది, శస్త్రచికిత్స జరిగిన రాత్రి పరిచారిక ఫోను చేసి రక్తం పోతున్నదా, మూత్రం సాఫీగా వచ్చిందా, జ్వరం ఉన్నదా, నొప్పి ఎంత, ఏమి తిన్నారు అని అడిగి, చెప్పిన జవాబును అందులోనే వ్రాస్తుంది. రాత్రి పలికే ఫోను నంబరు ఇప్పుడు ప్రతి రోగి చేతి చీటీ మీద పెద్ద అక్షరాలలో ఉంటుంది. ఇది యంత్రం ఇచ్చిన వరం కాదు, ఆ ఉపాధ్యాయుడు నేర్పిన పాఠం.

యంత్రం కూడా పొరబడుతుంది

తొలి రోజులలో గుర్తుచేసే సందేశాలు ఇంగ్లీషులో వెళ్లేవి. ఒక వృద్ధురాలు మూడు వారాలు రాలేదు. అడిగితే “ఏదో బ్యాంకువాళ్లు పంపారనుకున్నాను నాయనా” అన్నది. నాటినుంచి తెలుగులో మనిషి గొంతుతోనే ఫోను చేయిస్తున్నాము.

మరొకసారి ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గల ఇద్దరు రోగుల వివరాలు తారుమారయ్యాయి. ఒకరికి కుడిప్రక్క వ్యాధి, మరొకరికి ఎడమప్రక్క. బల్ల మీద పడుకోబెట్టిన తరువాత “మీ పేరేమిటి, తండ్రిపేరేమిటి, ఏ ఊరు, ఏ ప్రక్క బాధ?” అని రోగి నోటనే చెప్పించే అలవాటు మాకున్నది. ఆ అలవాటే ఆ రోజు కాపాడింది.

ఈ అలవాటు లోకానికంతటికీ తెలిసినదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 19 అంశాల భద్రతా పట్టిక ప్రకటించింది. మత్తు ఇవ్వడానికి ముందు, కోత పెట్టడానికి ముందు, రోగిని బల్ల మీదనుంచి పంపడానికి ముందు మూడుసార్లు ఆగి, అందరూ వినేటట్లు చదవాలి. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాలలోని ఆసుపత్రులలో దీనిని అమలుచేసి చూడగా, శస్త్రచికిత్సానంతర మరణాలు వెయ్యికి 15 నుంచి 8కి తగ్గాయని 2009లో ప్రకటించారు. గమనించవలసినదేమంటే, అది కాగితపు పట్టిక. మేలు చేసింది ఆగి, అడిగి, విని, సరిచూసుకోవడమే. అదే పట్టికను ట్యాబ్‌లో పెట్టుకుని అన్ని గడులనూ ఒక్కసారే నొక్కివేస్తే ప్రయోజనం సున్న.

అందుచేత మా కేంద్రంలో ఒక నియమం పెట్టాను. రోగి మాట్లాడుతుండగా వైద్యుడు తెర వైపు చూడకూడదు. నేను నాడి పట్టి అడుగుతాను, ప్రక్కనున్న అమ్మాయి నమోదు చేస్తుంది. చివరకు వ్రాసినదంతా పైకి చదివిస్తాను. “అది కాదండి, ఆ మాత్ర పొద్దున కాదు, రాత్రి” అని రోగులే దిద్దుతారు. దర్శన, స్పర్శన, ప్రశ్నలతో రోగిని పరీక్షించమన్నారు పెద్దలు. యంత్రం ఈ మూడింటి ఫలితాన్ని దాచిపెట్టగలదు. అడగని ప్రశ్నకు జవాబును మాత్రం దాచలేదు.

పాఠకులకు సూచనలు

డే కేర్ శస్త్రచికిత్సకు వెళ్లేవారు ఈ క్రింది విషయాలు గుర్తుంచుకోవలెను.

1. వాడుతున్న మందులన్నింటినీ సంచిలో వేసుకుని వెళ్లవలెను. ఒకరికి చెప్పాము గదా అని ఊరుకోక, అడిగిన ప్రతివారికీ మళ్లీ చెప్పవలెను. ఏ మందు పడదో అదీ చెప్పవలెను.

2. ఇంటి మందులను కూడా దాచకూడదు. వెల్లుల్లి, పసుపు, అల్లం గుళికల రూపంలో లేదా అధిక మోతాదులో వాడితే రక్తం గడ్డకట్టడం ఆలస్యం కావచ్చును. వంటలో వాడే కొద్దిపాటికి భయం లేదు.

3. రక్తం పలచబడే మాత్రలను స్వంతంగా మానకూడదు. ముఖ్యంగా గుండెకు స్టెంట్ వేయించుకున్నవారు మానితే ప్రాణాపాయం. మానాలో, కొనసాగించాలో గుండె వైద్యుడు, శస్త్రవైద్యుడు కలిసి నిర్ణయించవలెను.

4. మత్తు ఇచ్చే శస్త్రచికిత్సకు ముందు సాధారణంగా తేలికపాటి ఆహారం 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపమంటారు. నూనె పదార్థాలకు ఇంకా ఎక్కువ సమయం కావాలి. మీ మత్తువైద్యుడు చెప్పినదే ప్రమాణం.

5. ఇంటికి వచ్చేముందు రాత్రి ఎవరికి ఫోను చేయాలో అడిగి వ్రాయించుకోవలెను. వీలైతే అక్కడే ఒకసారి ఫోను మ్రోగించి చూచుకోవలెను.

6. మొలలు, భగందరం చికిత్స తరువాత వైద్యుడు చెప్పిన రోజునుంచి గోరువెచ్చని నీటి తొట్టిలో పది పదిహేను నిమిషాలు కూర్చోవడం, మజ్జిగ, ఆకుకూరలు, పీచుగల ఆహారం తీసుకోవడం, మలబద్ధకం రానీయకపోవడం మంచిది. రక్తస్రావం ఆగకపోయినా, మూత్రం బంధించినా, చలిజ్వరం వచ్చినా ఇంటి వైద్యంతో కాలయాపన చేయకూడదు.

7. పుండు ఛాయాచిత్రాన్ని వైద్యుడు కోరితే ఆయన చెప్పిన నంబరుకే పంపవలెను, బంధువుల వాట్సాప్ గ్రూపులలో పెట్టకూడదు. 2021 సెప్టెంబరులో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లో ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య ఉన్నవారు, తమ అనుమతితో ఒకచోటి రికార్డును మరొకచోట చూపవచ్చును. అయినా మందుల చీటీ ఒకటి జేబులో ఉండడమే క్షేమం. కరెంటు పోయినా కాగితం చదవవచ్చు.

ఆ ఉపాధ్యాయుడు కోలుకున్నారు. గుండె వైద్యుని సలహాతో, అదే కేంద్రంలో మళ్లీ చికిత్స పూర్తిచేయించుకున్నారు. ఆయన రావడం నాకు ఆశ్చర్యం కలిగించింది. ఆ రోజు ఆయన వివరాలు నేనే తెర మీద చదివి వినిపించాను. మందుల గడి దగ్గర ఆగి ఆయన ముఖంలోకి చూశాను. ఆయన నవ్వి, మాత్ర పేరు, ఎంత మోతాదు, ఏ వేళ వేసుకునేదీ మళ్లీ మొదటినుంచి చెప్పారు.